రచయిత ఇంటి చారిటీకి ట్రస్టీగా రమ్మంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ఆదివారంగైడు:

నమస్తే అండీ. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఇంగ్లండ్ వచ్చి పదకొండేళ్ళయింది, ఉద్యోగం ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటా పని. రెండేళ్ళ నుంచీ నెలకి రెండు ఆదివారాలు ఇక్కడి ఒక పాత రచయిత ఇంట్లో (ఇప్పుడది ఒక చారిటీ నడిపే మ్యూజియం) వాలంటీర్ గైడుగా వెళ్తున్నాను. పెద్ద పేరున్న ఇల్లేం కాదు. మేడ మీద గదిలో ఆయన రాసుకున్న బల్ల, దాని పక్కన అద్దాల పెట్టెలో ఉత్తరాలు, పెట్టె మీద ఎప్పుడూ కప్పి ఉంచే మందపాటి గుడ్డ. ఎవరైనా వస్తే గుడ్డ తీసి చూపించి, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ కప్పెయ్యాలి. రెండేళ్ళుగా నేను చేసింది ముఖ్యంగా అదే. నాకు నచ్చిన పని కూడా అదే.

పోయిన ఆదివారం ఇల్లు మూసే వేళకి చైర్‌గారు (డెబ్భై దాటిన పెద్దావిడ) వచ్చి, టీ చేతిలో పెట్టి, "మా బోర్డులో ట్రస్టీగా చేరతావా, లెక్కలు తెలిసినవాళ్ళు కావాలి" అన్నారు. జీతం ఉండదు, అది తెలుసు. ఏడాదికి ఆరు మీటింగులట. నేను మొహమాటానికి "తప్పకుండా ఆలోచిస్తాను" అనేశాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొదటి ప్రశ్న, "రేపు వాళ్ళు అప్పుల్లో పడితే మన ఇల్లు అమ్మి కట్టాలా?" అని. నిజంగా నాకు తెలీదు.

ఇంకొకటి, చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది. బోర్డులో ఉన్న ఎనిమిది మందీ తెల్లవాళ్ళే, అందరూ రిటైరైనవాళ్ళే. ఫండ్ ఇచ్చేవాళ్ళకి చూపించుకోడానికి ఫోటోలో ఒక గోధుమరంగు మొహం కావాల్సొచ్చి పిలిచారేమో అన్న అనుమానం. పైగా నేను ఇంగ్లిష్ సాహిత్యం చదువుకున్నదాన్ని కాదు, ఆయన పుస్తకాలు మూడే చదివాను.

ఎవరైనా ఇలా ట్రస్టీగా చేసినవాళ్ళుంటే చెప్పండి.

---

లెక్కలమాస్టారు:

ఆరేళ్ళు ఒక చిన్న చారిటీకి ట్రెజరర్‌గా చేశాను, అది సాహిత్యం చారిటీ కాదు గానీ బాధలు ఒకటే. మీ ఆయన మంచి ప్రశ్న వేశారు, ముందు దానికే జవాబు.

అది ఆ చారిటీ ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. కంపెనీగా (లిమిటెడ్ బై గ్యారంటీ) గానీ, సీఐఓగా (చారిటబుల్ ఇన్‌కార్పొరేటెడ్ ఆర్గనైజేషన్, అంటే చారిటీల కోసమే పెట్టిన రూపం) గానీ నమోదై ఉంటే చారిటీకి సొంత చట్టపరమైన ఉనికి ఉంటుంది. అప్పు చారిటీది, మీది కాదు. మీరు తెలిసి తెలిసి తప్పు చేస్తేనో, మునిగిపోతోందని కళ్ళకి కనపడుతున్నా అప్పులు చేస్తూ పోతేనో మీ దాకా వస్తుంది. అలా కాకుండా పాతకాలపు ట్రస్టుగానో, రిజిస్టర్ కాని సంఘంగానో ఉంటే మాత్రం కాంట్రాక్టులు ట్రస్టీల పేరు మీదే ఉంటాయి, అప్పుడు చారిటీ దగ్గర డబ్బు చాలకపోతే మీ ఆయన భయపడ్డట్టే అవ్వొచ్చు. సీఐఓ అన్న రూపమే 2013 నుంచి వచ్చింది, అందుకని పాత చారిటీలు చాలా వరకు కంపెనీలుగానో ట్రస్టులుగానో మొదలైనవే. కంపెనీ అయితే మీరు చట్టం దృష్టిలో డైరెక్టర్ కూడా అవుతారు, 2025 నవంబరు 18 నుంచి కంపెనీల్ని నమోదు చేసే కంపెనీస్ హౌస్‌లో ఐడీ వెరిఫికేషన్ కూడా చేయించుకోవాలి. పెద్ద పనేం కాదు, పాస్‌పోర్టు ఉంటే అయిపోతుంది.

ఇవన్నీ ఎవర్నీ అడగక్కర్లేదు. చారిటీల మీద అజమాయిషీ చేసే చారిటీ కమిషన్ వాళ్ళ ఆన్‌లైన్ రిజిస్టర్‌లో పేరు కొడితే ట్రస్టీల పేర్లు, లెక్కలు అన్నీ కనిపిస్తాయి. ఆర్థిక సంవత్సరం అయిన పది నెలల్లోపు లెక్కలు పంపాలి, ఆలస్యమైతే అక్కడే ఎర్రగా రాసి పెడతారు. ఒక్కసారి ఆలస్యమైతే ఎవరికో ఒంట్లో బాలేదేమో అనుకోవచ్చు గానీ, ఏటా ఎరుపే ఉంటే అక్కడ నుంచి నెమ్మదిగా జారుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. బ్యాలెన్స్ షీట్‌లో కింద కనిపించే మొత్తం చూసి మురిసిపోవద్దు. రిస్ట్రిక్టెడ్ ఫండ్స్, అన్‌రిస్ట్రిక్టెడ్ ఫండ్స్ అని రెండు వరసలుంటాయి, అవి విడివిడిగా చూడండి. "ఈ సొమ్ము ఉత్తరాల మరమ్మత్తుకే వాడాలి" అని ఎవరో వీలునామాలో రాసి ఇచ్చి ఉంటే, కప్పు కారుతున్నా ఆ డబ్బు కప్పుకి పెట్టకూడదు. బ్యాంకులో లక్ష పౌండ్లుండి జీతాలకి తడుముకునే చారిటీలున్నాయి. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు ఉంటుంది. షరతుల్లేని డబ్బు ఎంత ఉంది, అది ఎన్ని నెలల ఖర్చుకి సరిపోతుంది, ఈ రెండూ తెలిస్తే సగం తెలిసినట్టే.

మ్యూజియంల దగ్గర ఇంకో వింత ఉంది. వాళ్ళ దగ్గరున్న అసలైన ఆస్తి, అంటే ఆ బల్ల, ఆ ఉత్తరాలు, చాలాసార్లు లెక్కల్లో అంకెగా కనిపించవు. ఎప్పుడో దానంగా వచ్చినవి కాబట్టి విలువ కట్టకుండా వదిలేస్తారు, అకౌంటింగ్ నియమాలు అందుకు ఒప్పుకుంటాయి కూడా. కనిపించినా అమ్ముకుని కరెంటు బిల్లు కట్టడానికి వీల్లేదనుకోండి.

---

చిరాకురావు:

అక్కా, నేను కాస్త అవతలి వైపు నుంచి చెప్తా.

నేనూ ఇలాగే మొహమాటపడి ఒక చారిటీ బోర్డులో చేరాను, పేరు వద్దులెండి. పదిహేను నెలలకి బయటపడ్డాను. మీటింగ్ కాగితాలు ముందురోజు రాత్రి పదకొండింటికి వచ్చేవి, ఎనభై పేజీలు. పొద్దున్న ట్రెయిన్‌లో ఫోన్ మీద చదువుకుంటూ వెళ్ళేవాణ్ణి. అక్కడ చైర్ గడగడా చదువుతూ పోవడం, మేం గంగిరెద్దుల్లా తలలూపడం. మూడో మీటింగ్‌లో కప్పు రిపేరు కాంట్రాక్టు వచ్చింది. నేను ఊరికే "ఎన్ని కొటేషన్లు తీసుకున్నారు?" అని అడిగా. గదంతా నిశ్శబ్దం. ఒక్కటే అట, ఆ కంపెనీ బోర్డులో ఇంకొకాయన బావమరిదిదట, అందరికీ తెలుసట, నాకొక్కడికే తెలీదట! బావమరిది మంచోడే అయ్యుండొచ్చు, పని బాగానే చేసుండొచ్చు. కానీ ఆయన లేచి "ఇది మావాళ్ళ కంపెనీ, నేను ఈ చర్చలో ఉండను" అని చెప్పి బయటికెళ్ళాలి, ఆ మాట మినిట్స్‌లో (మీటింగ్‌లో ఏం జరిగిందో రాసిపెట్టే కాగితాల్లో) రాయాలి. రెండూ జరగలేదు.

అందుకని పోయిన ఏడాది మినిట్స్ అడిగి తెచ్చుకోండి. ఎప్పుడూ అన్నీ ఏకగ్రీవమే, ఎవరూ ఏ ప్రశ్నా అడిగినట్టు లేదంటే అక్కడ మీ పని కూడా తల ఊపడమే. "ఇవ్వం" అంటే ఇంక ఆలోచించక్కర్లేదు, అదే జవాబు.

ఇంకో మాట, నిర్ణయం బోర్డు మొత్తానిది. "ఆరోజు నేను మాట్లాడలేదు కదా" అంటే కుదరదు, లెక్కలు ట్రెజరర్ చూసుకుంటాడులే అన్నా కుదరదు. రాజీనామా చేసినా, మీరున్నప్పుడు జరిగినవాటికి మీ వాటా మీకుంటుంది.

ఆఫీసులో సెలవు సంగతి కూడా చూసుకోండి. మేజిస్ట్రేట్లకీ, స్కూల్ గవర్నర్లకీ పని నుంచి కొంత సమయం తీసుకునే హక్కు చట్టంలో ఉంది, చారిటీ ట్రస్టీలకి లేదు. మావన్నీ బుధవారం మధ్యాహ్నం మీటింగులు. రిటైరైనవాళ్ళకేం, హాయి. నాకు ఏటా ఆరు రోజుల లీవు హుళక్కి.

---

కాగితంపురుగు:

చిరాకురావుగారు భయపెట్టేశారు గానీ చెప్పిందాంట్లో తప్పేం లేదు :)

నేను ఒక ఆర్కైవ్‌లో పని చేస్తాను, అంటే ట్రస్టీల నిర్ణయాలు ఎవరి నెత్తిన పడతాయో ఆ వైపున్నదాన్ని. మీరు ఆ గుడ్డ గురించి రాశారు చూడండి, దాన్ని చదివే ఈ జవాబు రాస్తున్నా. పాత ఉత్తరాలకి వెలుతురు 50 లక్స్ (వెలుతురుకి కొలత) దాటకూడదంటారు, అంటే మీరు గదిలోకి అడుగుపెట్టగానే "ఇదేంటి ఇంత చీకటి" అనుకునేంత. వెలుతురు చేసిన హానిని వెనక్కి తిప్పలేం. ఇవాళ కాస్త, రేపు కాస్త, అన్నీ కూడి సిరా పాలిపోతుంది. ఆ కాలపు సిరా చాలావరకు ఇనుముతో చేసింది, మొదట నల్లగా ఉండి తర్వాత గోధుమరంగుకి తిరుగుతుంది, కొన్నిచోట్ల అక్షరం మేర కాగితాన్నే తినేసి జల్లెడ చేస్తుంది. గోడ వారగా సన్నటి వెండిరంగు పురుగులు కనిపిస్తే తేమ పెరిగిందని అర్థం, అవి కాగితానికి పూసిన జిగురు కోసం వస్తాయి. ఇవన్నీ గైడుగా మీకు కొంత తెలిసే ఉంటాయి. బోర్డు గదిలో కూర్చునే ఎనిమిది మందిలో పెట్టె పక్కన గంటలు గంటలు నిలబడ్డవాళ్ళు ఎంతమంది ఉన్నారో అడగండి. నా అనుభవంలో ఎక్కువసార్లు ఒక్కరూ ఉండరు.

మూడు పుస్తకాలే చదివానని బాధపడకండి. ట్రస్టీకి ఆయన నవలల మీద పరీక్ష పెట్టరు. బోర్డు ముందుకొచ్చేవి వేరే. ఉదాహరణకి, ఆ ఉత్తరాలన్నీ ఫోటోలు తీసి అందరికీ ఆన్‌లైన్‌లో పెట్టేద్దాం అని ఎవరో ఉత్సాహంగా అంటారు. కాగితం చారిటీదే, కానీ అందులోని మాటల మీద కాపీరైట్ రాసినవాళ్ళ వారసులది. ఇక్కడి చట్టంలో ఒక విచిత్రం ఉంది. 1989 ఆగస్టు 1 నాటికి అచ్చు కాకుండా ఉండిపోయిన రాత, రాసినాయన 1969కి ముందే చనిపోయుంటే, మామూలుగా 2039 ఆఖరు దాకా కాపీరైట్‌లోనే ఉంటుంది. అంటే రెండొందల ఏళ్ళ కిందట చనిపోయినవాళ్ళ ఉత్తరం కూడా! వారసులెవరో ఎవరికీ తెలీదు, ఎవర్ని అడగాలో తెలీదు, అయినా కాపీరైట్ ఉంది. ఇలాంటిది బోర్డు ముందుకొచ్చినప్పుడు రిస్క్ ఎంత, చెయ్యాలా వద్దా అని తేల్చేది ట్రస్టీలే.

మంచి సంగతి కూడా ఒకటి చెప్తా. 2021లో హాన్రెస్‌ఫీల్డ్ లైబ్రరీ అని, మిల్లు యజమానులైన అన్నదమ్ములు ఒకప్పుడు పోగుచేసిన రాతప్రతులు వేలానికి వచ్చాయి. నవలా రచయిత్రి ఎమిలీ బ్రాంటే చేత్తో రాసుకున్న కవితలు అందులోవే. వేలంలో పోతే తలో దేశానికీ తలో ముక్క వెళ్ళిపోయేది. ఫ్రెండ్స్ ఆఫ్ ద నేషనల్ లైబ్రరీస్ అనే చారిటీ ముందుకొచ్చి వేలం ఆపించి, 15 మిలియన్ పౌండ్లకి పైగా పోగుచేసి మొత్తం కొనేసింది. అందులో సగం ఒక్క దాతే ఇచ్చాడు, లెన్ బ్లావట్నిక్. కొన్నవాటిని తమ దగ్గర పెట్టుకోలేదు, బ్రాంటేల ఇంటికి, చాటన్‌లో జేన్ ఆస్టిన్ ఇంటికి, అబాట్స్‌ఫర్డ్‌లో వాల్టర్ స్కాట్ ఇంటికి, ఇంకా కొన్ని లైబ్రరీలకి పంచేశారు. అన్నట్టు ఆ బ్రాంటేల ఇల్లు నడిపే బ్రాంటే సొసైటీ 1893లో మొదలైనప్పుడు వాళ్ళకి ఇల్లే లేదు. 1895లో ఊళ్ళో ఒక బ్యాంకు పైన గదిలో మ్యూజియం పెట్టుకున్నారు. ఆ ఇల్లు చేతికొచ్చి తెరిచింది 1928లో.

---

ఆదివారంగైడు:

అందరికీ థాంక్స్. మాస్టారూ, మీరు చెప్పినట్టే రిజిస్టర్‌లో చూశాను. కంపెనీయే, లెక్కలు ఆలస్యం కాలేదు. మా ఆయన టెన్షన్ సగం తగ్గింది. కానీ మీరన్నట్టే మొత్తం చూసి ముందు మురిసిపోయాను, తర్వాత రెండు వరసలు విడదీసి చూస్తే పది పౌండ్లలో ఎనిమిది షరతులున్నవే. మిగిలింది నాలుగు నెలల ఖర్చుకి కూడా సరిపోయేట్టు లేదు. ఇది ప్రమాదమా, మామూలేనా?

ఫోటో అనుమానం గురించి ఎవరూ ఏమీ అనలేదు. అదొక్కటే ముల్లులా ఉంది.

---

లెక్కలమాస్టారు:

నాలుగు నెలలంటే చేతిలో మరీ ఎక్కువేం లేనట్టు. కానీ చిన్న మ్యూజియంలకి అదేం వింత కాదు. వార్షిక నివేదికలో రిజర్వ్స్ పాలసీ అని ఒక పేరా ఉంటుంది, ఎంత ఉండాలనుకుంటున్నారో అక్కడ రాస్తారు. ఆరు నెలలు ఉండాలని రాసి నాలుగే ఉంటే ఆ తేడా ఎలా పూడుస్తారో అడగండి. "ప్రయత్నిస్తున్నాం" అంటే అది ప్లాన్ కాదు. గిఫ్ట్ ఎయిడ్ సరిగ్గా క్లెయిమ్ చేస్తున్నారా అని కూడా అడగండి, టాక్స్ కట్టే మనిషి ఇచ్చిన ప్రతి పౌండుకీ 25 పెన్నీలు సర్కారు నుంచి వస్తాయి, ఫారం నింపించుకోడానికి బద్ధకించి వదిలేసుకునేవాళ్ళని చూశాను.

---

రెండోకప్పు:

ఆ ముల్లు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే నన్నూ అలాగే పిలిచారు, నిజంగానే ఫోటో కోసమే పిలిచారు. నాకది తెలియడానికి ఏడాది పట్టింది. ఎలా తెలిసిందంటే, నేను ఏ కమిటీలోనూ లేను. దీపావళి కార్యక్రమం వచ్చినప్పుడు మాత్రం గుర్తొచ్చేదాన్ని.

మీ సంగతి వేరేలా కనిపిస్తోంది నాకు. మిమ్మల్ని రెండేళ్ళు చూశారు, అంకెల పని తెలుసని అడిగారు. అయినా అనుమానం మనసులో పెట్టుకుని చేరొద్దు. చైర్‌గారినే నేరుగా అడిగెయ్యండి, "నేను చేరితే మొదటి ఏడాది నా చేతికి ఏ పని ఇస్తారు?" అని. పని పేరు చెబితే మీరు కావాలన్నమాట. "మీలాంటివాళ్ళు ఉంటే బాగుంటుంది" అని ఊరుకుంటే ఫోటోయే.

ఇక "వాళ్ళ రచయితకి నేనేంటి" అనుకుంటున్నారేమో. సీపీ బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా వచ్చి, సొంత జీతంలోంచి పండితుల్ని పెట్టుకుని మన తాళపత్రాలు ఎత్తి రాయించాడు. మన పుస్తకాలు మన దగ్గరే చెదలు పట్టిపోతున్న రోజుల్లో నిఘంటువు వేశాడు, 1852లో. 1884లో లండన్‌లో పోయాడు. ఆయన్ని ఎవరూ "నువ్వెవడివి మా వేమనకి" అనలేదు కదా.

---

చిరాకురావు:

బ్రౌన్ దొర పేరు చెప్పి ఆవిడ్ని మొహమాటపెట్టకండి. బ్రౌన్‌కి బోర్డు మీటింగుల్లేవు, అదీ ఆయన అదృష్టం.

---

కాగితంపురుగు:

హహ. బ్రౌన్‌కి లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రక కట్టడంగా చట్టం కాపాడే ఇల్లు) కూడా లేదు. ఆదివారంగైడుగారూ, మీ ఇల్లు లిస్టెడ్ అయ్యే ఉంటుంది, ఏ గ్రేడో చూడండి. కిటికీ మార్చాలన్నా కౌన్సిల్ అనుమతి కావాల్సి రావొచ్చు, అనుమతి లేకుండా చేస్తే అది క్రిమినల్ నేరం, మామూలు జరిమానాతో పోయేది కాదు. ఉత్సాహవంతుడైన ట్రస్టీ ఒకాయన "నేనే వచ్చి వీకెండ్‌లో సరిచేస్తా" అనడం నేను విన్నాను, గదిలో మేం ముగ్గురం ఒకేసారి వద్దని అరిచాం.

---

ఆదివారంగైడు:

మూడు వారాల తర్వాత వచ్చాను, ఏమైందో చెప్పాలి కదా.

చైర్‌గారిని అడిగాను. మొదట మొదటి ఏడాది పని గురించి. ఆవిడ కప్పు కింద పెట్టి, "టికెట్ల డబ్బు ఏ నెలలో ఎందుకు పడిపోతోందో మాకెవరికీ అర్థం కావట్లేదు, నీకు అవుతుందేమో అని పిలిచాను" అన్నారు. కాసేపాగి, "అందరం ఒకేలా ఉన్నామన్నది కూడా నిజమే, అది కారణం కాదని అబద్ధం చెప్పను" అన్నారు. ఆ రెండో మాట అనకుండా ఉంటే నేను నమ్మేదాన్ని కాదేమో. మినిట్స్ అడిగితే మర్నాడే పంపారు, ఏడాదివీ.

చేరకముందు ఒక మీటింగ్‌లో కూర్చుని చూస్తానన్నాను, రానిచ్చారు, ఓటు లేకుండా. రెండు గంటల మీటింగ్. బాయిలర్ మీద నలభై నిమిషాలు, అగ్నిప్రమాదం ఇన్సూరెన్స్ మీద పాతిక నిమిషాలు, ఉత్తరాల మీద అయిదు నిమిషాలు. ఒకాయన పడుకున్నాడు. ఒకావిడ మాత్రం ప్రతి అంకె దగ్గరా ఆపి "ఇది షరతుల డబ్బా, మామూలు డబ్బా?" అని అడుగుతూనే ఉంది, నాకు ఆవిడ బాగా నచ్చింది. ఒకచోట ఎవరో "అద్దాల పెట్టె మీద గుడ్డ తీసేద్దాం, ఫోటోల్లో బాగోట్లేదు" అన్నారు. నేను చూడ్డానికే వచ్చానని మర్చిపోయి, వెలుతురు సంగతి, కాగితంపురుగుగారు చెప్పింది చెప్పినట్టు చెప్పేశాను. గుడ్డ ఉండనిచ్చారు. పెట్టెలో అసలు ఉత్తరం బదులు నకలు పెట్టడానికి ఎంతవుతుందో కనుక్కోమని ఆ పని నాకే అప్పజెప్పారు, ఇంకా ట్రస్టీని కూడా కాకుండానే!

డిక్లరేషన్ ఫారం వచ్చింది. దివాలా తియ్యలేదు, మోసం కేసుల్లో శిక్ష పడలేదు అని సంతకం పెట్టాలి. మా ఆయన రెండుసార్లు చదివి పెన్ను ఇచ్చాడు. నాలుగు నెలల రిజర్వుల భయం నాకింకా ఉంది. అది చెప్పే చేరుతున్నాను, నా మొదటి మీటింగ్‌లో దాన్ని అజెండాలో పెట్టమన్నాను.

కాగితంపురుగుగారూ, నకలు చేయించేటప్పుడు అసలుని స్కానర్ మీద బోర్లించొచ్చా, పైనుంచి కెమెరాతో తియ్యాలా?

---

కాగితంపురుగు:

బోర్లించొద్దు! పైనుంచి కెమెరాతోనే. మడతలు బలవంతంగా విప్పకండి, విప్పే పని కన్సర్వేటర్‌కి (పాత కాగితాల్ని బాగుచేసే నిపుణులకి) వదిలెయ్యండి. కొటేషన్లు మూడు తీసుకోండి, లేకపోతే చిరాకురావుగారు ఊరుకోరు.

---

చిరాకురావు:

బావమరిది ఎవరిదో కూడా కనుక్కోండి.